మారికుప్పం రైలూ మధ్యాహ్నపు కునుకూ

మారికుప్పం స్టేషన్లో ఇంకా చీకటి విడిపోదు. బెంగళూరు రైలు కోసం వచ్చేవాళ్ల చేతుల్లో టిఫిను సంచులు, మెళ్లో ఆఫీసు కార్డులు. రోజూ అదే బోగీ, అదే కిటికీ, పక్కన అదే భుజం. చాంపియన్, ఊరిగాం, కోరమాండల్, బీఈఎంఎల్ నగర్ దాటుకుని బండి బంగారపేట చేరేసరికి సగం తలలు వాలిపోయి ఉంటాయి. ఆ నిద్రకీ ఓ పద్ధతుంది. ఒళ్లో సంచీ, సంచీ మీద చేతులు, చేతుల మీద నుదురు. టేకల్, మాలూరు ఎప్పుడు వెళ్లాయో తెలియదు. వైట్‌ఫీల్డ్ దగ్గరపడుతుంటే మాత్రం ఎవరూ తట్టి లేపకుండానే మెలకువ వచ్చేస్తుంది.

మధ్యాహ్నం రెండున్నరకి అదే మనిషికి అదే నిద్ర మళ్లీ వస్తుంది. ఈసారి ఎదురుగా కంప్యూటరు, అందులో సగం నింపిన లెక్కల పట్టీ. ఒకే అంకెని మూడుసార్లు చదువుతారు. మౌసు మీద వేలు అలాగే ఉండిపోతుంది, రెప్ప మాత్రం కిందికి జారుతుంది. వెనక నుంచి ఎవరో, “ఏమప్పా, రాత్రి నిద్ర లేదా?” అంటే ఉలిక్కిపడి నవ్వేస్తారు. పొద్దున రైల్లో పోయిన నిద్రని ఎవరూ తప్పుపట్టలేదు. ఆఫీసు కుర్చీలో వచ్చిన కునుకు మాత్రం సోమరితనం కింద జమ.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, అంటే కేజీఎఫ్ వాళ్లకి ఈ కుర్చీ ఉద్యోగాలు పాతవి కావు. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో అడుగుపెట్టినప్పటి నుంచి ఇక్కడి బతుకంతా గని చుట్టూనే తిరిగింది. తమిళ ఉత్తరార్కాడు నుంచీ, తెలుగు చిత్తూరు నుంచీ వచ్చిన కుటుంబాలు గని లైన్లలో మూడు నాలుగు తరాలు గడిపాయి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. తాత షాఫ్టులో దిగితే, మనవడో మనవరాలో బెంగళూరులో బిల్లింగు కౌంటర్ దగ్గరో, కాల్ సెంటర్లోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీ అకౌంట్స్ విభాగంలోనో కూర్చుంటున్నారు. మారికుప్పం నుంచి బంగారపేటకి 16 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి బెంగళూరుకి దాదాపు 70. పొద్దునా సాయంత్రం ఆ దూరమంతా ఒంటి మీదే లెక్క.

ముందు ఒక అపవాదు తీసేయాలి. మధ్యాహ్నపు మగతకి అందరూ భోజనాన్ని తిడతారు. తెలుగులో దానికో చక్కని మాట కూడా ఉంది, భుక్తాయాసం. తిన్న తిండే బరువై ఆయాసపెట్టడం. ఆ మాటలో నిజం ఉంది కానీ సగమే. టైము తెలియని గదిలో మనుషుల్ని ఉంచి, మధ్యాహ్నం భోజనం పెట్టకుండా పరిశీలించినా ఆ వేళకి చురుకు తగ్గడం కనబడిందని నిద్రని పరిశోధించేవాళ్లు చెబుతారు. అన్నం తినకపోయినా రెండు గంటలకి రెప్ప బరువెక్కుతుందన్నమాట.

కారణం ఒంట్లోని గడియారం. మెదడు లోపల, కళ్ల వెనక భాగంలో ఉండే చిన్న కణాల గుంపు ఇరవైనాలుగు గంటల తాళం వేస్తూ ఉంటుంది. ఈ తాళం కణంలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమతి వచ్చింది. దానికి తోడు రెండో లెక్క ఒకటుంది. నిద్ర లేచిన క్షణం నుంచీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. ఎంతసేపు మేలుకుంటే అంత పేరుకుంటుంది, అంత నిద్ర ఒత్తిడి. ఈ రెండు లెక్కల్నీ కలిపి 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిద్రకి ఓ నమూనా గీశాడు. ఈ లెక్క ప్రకారం చూస్తే మధ్యాహ్నం ఏం జరుగుతుందో తేలిగ్గానే తెలుస్తుంది. నిద్ర ఒత్తిడి పొద్దుటి నుంచి పెరుగుతూ వస్తుంది, దాన్ని ఎదిరించి మేలుకొలిపే గడియారం సంకేతం ఇంకా పూర్తిగా పుంజుకోదు. ఒకటికీ నాలుగుకీ మధ్య ఎక్కడో సందు దొరుకుతుంది. సాయంత్రం ఐదయ్యేసరికి, ఒత్తిడి ఇంకా పెరిగినా సరే, గడియారం గట్టిగా మోగుతుంది, మనిషి తేరుకుంటాడు. నాలుగున్నరకి ఆఫీసులో హఠాత్తుగా అందరికీ హుషారు రావడానికి, ఇంటికి వెళ్లే వేళ దగ్గరపడడం ఒక్కటే కారణం కాదు.

ఈ సందు ఎంత నిజమో రోడ్లు కూడా చెబుతాయి. బ్రిటన్‌లో హార్న్, రేనర్ అనే ఇద్దరు 1995లో నిద్రమత్తు వల్ల జరిగిన వాహన ప్రమాదాల్ని లెక్కగట్టారు. తెల్లవారుజామున అవి ఎక్కువగా ఉండడం ఎవరూ ఊహించగలిగేదే. మధ్యాహ్నం పూట కూడా ఇంకో గుట్ట కనబడింది.

ఇక అన్నం సంగతి. ఒంటి గడియారం తవ్విన గుంటని భోజనం ఇంకాస్త లోతు చేస్తుంది. మెదడులో మనిషిని మెలకువగా ఉంచే ఓరెక్సిన్ కణాలున్నాయి. రక్తంలో గ్లూకోజు పెరిగితే ఆ కణాలు సద్దుమణుగుతాయని 2006లో మాంచెస్టర్ పరిశోధకులు ఎలుకల మీద చూపారు. పాలిష్ పట్టిన తెల్లన్నం పెద్ద కుప్ప, మీద ఓ అప్పడం, చివర తీపి, ఇలాంటి భోజనం గ్లూకోజుని జివ్వున ఎత్తి దబ్బున దింపుతుంది. పైగా పరిమాణం కూడా లెక్కే. ఏదైనా సరే, పొట్ట పట్టినంతా తింటే మగత ఎక్కువ.

కోలారు జిల్లాలో ఈ మాట రాగానే సంగటి మీదికి పోతుంది, కన్నడంలో ముద్దె. రాగి సంగటి తింటే నిద్రొస్తుందని కొందరు, రోజంతా పొలంలో నిలబెట్టేది అదేనని ఇంకొందరు. ఇద్దరూ ఒకే ముద్దని రెండు చోట్ల తింటున్నారు. నాగలి పట్టేవాడికి మధ్యాహ్నం రెండు ముద్దలు, బస్సారు, ఆపైన మూడు గంటల ఎండ పని. తిన్న గ్లూకోజుని కండలు లాగేసుకుంటాయి. అదే రెండు ముద్దలు తిని కుర్చీలో కూర్చుంటే ఆ చక్కెర పోయే దారి ఉండదు. రాగిలో పాలిష్ బియ్యం కంటే పీచు ఎక్కువ, క్యాల్షియం 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాములు. తిండిగా దాన్ని తప్పుపట్టే పని లేదు. అయితే బెంగళూరు రైలెక్కేవాళ్లకి ఆ చర్చే అక్కర్లేదు. సంగటి డబ్బాలో మోసుకుపోయే తిండి కాదు. వేడి మీద చేత్తో తుంచి, చారులో ముంచి, నమలకుండా మింగితేనే దాని రుచి. చల్లారితే గట్టిపడుతుంది. అందుకే ఇంట్లో రాగి పిండి ఉన్నా డబ్బాలోకి తెల్లన్నమే ఎక్కుతుంది. ఆ డబ్బాలో అన్నం ఒక వంతు తగ్గించి, పప్పో ఉడకబెట్టిన శనగలో గుడ్డో పెంచితే, మజ్జిగన్నం కాస్త సాయంత్రానికి వాయిదా వేస్తే, రెండున్నర గంటల గుంట లోతు తగ్గుతుంది. పూర్తిగా పూడిపోదు.

తిన్న వెంటనే కూర్చోవడం ఇంకో తప్పు. ఆస్ట్రేలియాలో డన్‌స్టన్ బృందం 2012లో ఒక ప్రయోగం చేసింది. గంటల తరబడి కూర్చున్నవాళ్లని ప్రతి 20 నిమిషాలకీ రెండు నిమిషాలపాటు మెల్లగా నడిపించారు. భోజనం తరవాత రక్తంలో చక్కెర పెరగడం, ఏకధాటిగా కూర్చున్న రోజుతో పోలిస్తే, స్పష్టంగా తగ్గింది. రెండు నిమిషాలంటే నీళ్ల సీసా నింపుకుని వెనక్కి రావడం. లిఫ్టు మానేసి ఓ అంతస్తు దిగి ఎక్కడం. మేడ మీదికి పోయి వెలుతురులో నిలబడితే ఇంకా మేలు, ఒంటి గడియారానికి సూర్యుడి వెలుగే అసలు తాళంచెవి. ట్యూబులైటు ఎంత పెద్దదైనా బయటి మబ్బు వెలుతురులో పదో వంతు కూడా ఉండదు.

ఇక్కడ కేజీఎఫ్ గురించి చెప్పాల్సిన అసలు కథ వస్తుంది. అలసటని మనిషి గుణంగా కాకుండా లోపలి గాలి లెక్కగా చూసిన ఊరు ఇది, అదీ ఎనభై ఏళ్ల కిందట.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకి దిగింది. ఒకప్పుడు ప్రపంచంలో అతి లోతైన గనుల్లో ఒకటి. అంత అడుగున రాయి తనంతట తనే 65 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉండేది. చెయ్యి ఆనిస్తే చర్రుమనే గోడ పక్కన నిలబడి డ్రిల్లు పట్టుకోవాలి. దుమ్ము లేవకుండా నీళ్లు వాడితే గాలిలో తేమ పెరుగుతుంది. గాలి తడిగా ఉంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు, గుండె దడదడలాడుతుంది, తల తిరుగుతుంది, చెయ్యి మందగిస్తుంది. కొందరు ఉన్నచోటే కుప్పకూలేవారు.

1940లలో కాప్లన్, లిండ్సే అనే ఇద్దరు ఈ గనుల్లోనే దాని మీద కూర్చున్నారు. లోతు గనుల్లో వేడి పెరిగేకొద్దీ కూలీ పని సామర్థ్యం ఎంత పడిపోతుందో ప్రయోగాలు చేసి 1946లో ప్రచురించారు. వేడి ఒత్తిడి మీద తరవాత దక్షిణాఫ్రికాలో జరిగిన పరిశోధనలు కూడా ఆ పేర్లని ప్రస్తావిస్తూ వచ్చాయి. వాళ్లు అడిగిన ప్రశ్నే విశేషం. ఈ మనిషి బద్ధకస్తుడా అని అడగలేదు. ఈ గాలిలో ఏ మనిషైనా ఎంత పని చేయగలడు అని అడిగారు. కంపెనీ కూడా షాఫ్టుల్లోకి పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలి తోసింది, శీతలీకరణ యంత్రాలు పెట్టి ఆ గాలిని చల్లబరిచింది. అంతకుముందే 1902లో శివసముద్రం జలపాతం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి కరెంటు తెప్పించుకున్న గనులవి.

కూలీ మీద జాలితో చేశారని అనుకుంటే పొరపాటే. టన్నుకి ఎంత బంగారం పడుతుందో లెక్కగట్టే కంపెనీకి, మనిషి మందగిస్తే ఎంత నష్టమో కూడా తెలుసు. అదే గనుల్లో సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు రాయైపోయినవాళ్లు, రాతి పేలుళ్లలో పోయినవాళ్లు ఎందరో. ఆ చరిత్రని బంగారు పూత పూసి చూపించనక్కర్లేదు. అయినా ఒక్క విషయంలో ఆ గని, నేటి ఆఫీసు కంటే తెలివిగా ఆలోచించింది. పని మందగిస్తే ముందు గాలి చూసింది.

ఆఫీసు మీటింగు గది సంగతి చూడండి. ఏసీ వేసి, తలుపులు మూసి, పదిమంది గంటన్నర కూర్చుంటారు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. పదిమంది వదిలిన కార్బన్ డయాక్సైడ్ అక్కడే తిరుగుతుంది. హార్వర్డ్‌కి చెందిన జోసెఫ్ అలెన్ బృందం 24 మంది ఆఫీసు ఉద్యోగుల్ని ఆరు రోజులు ఒక ప్రత్యేకమైన భవనంలో పని చేయించి, వాళ్లకి తెలియకుండా గాలి మార్చి చూసింది. కార్బన్ డయాక్సైడ్ 945 పీపీఎం దగ్గర ఉన్న రోజున ఆలోచనా సామర్థ్యపు మార్కులు 15 శాతం, 1,400 దగ్గర ఉన్న రోజున 50 శాతం తగ్గాయి. తరవాత జరిగిన ప్రయోగాలన్నిట్లోనూ ఇంత తేడా రాలేదు, కాబట్టి ఆ అంకెని పట్టుకుని ఊగనక్కర్లేదు. కానీ మూసిన గదిలో మధ్యాహ్నం మూడింటికి ఆవలింతలు ఒకరి నుంచి ఒకరికి పాకడం ఎవరూ ప్రయోగం చేసి చూపనక్కర్లేదు. ఆవలింతకి అన్న ఉన్నాడని సామెత ఊరికే పుట్టలేదు. ఒక కిటికీ తెరవండి. కిటికీ తెరుచుకోని అద్దాల భవనమైతే, మీటింగు మధ్యలో తలుపైనా తెరవండి. ఆ మీటింగునే పొద్దున పదకొండుకి పెట్టుకుంటే ఇంకా మంచిది. రెండు గంటలకి మీటింగు పెట్టేవాళ్లు సాధారణంగా మాట్లాడేవాళ్లే అయి ఉంటారు, వినేవాళ్లు కారు.

గాలీ అన్నమూ సరిచేసినా పోని భాగం ఒకటుంది. అది రాత్రిదే.

ఒక లెక్క వేసుకుందాం. ఐదింటి బండి అందుకోవాలంటే వంట చేసే ఇల్లాలు మూడున్నరకి లేవాలి. సాయంత్రం బండి దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. అన్నం, గిన్నెలు, పిల్లల హోంవర్కు, కాస్త టీవీ, పదకొండు. నాలుగున్నర గంటల నిద్ర. పెద్దవాళ్లకి రోజూ కనీసం ఏడు గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. రోజుకి రెండున్నర గంటల అప్పు. వారంలో ఆరు రోజులకి పదిహేను గంటలు. రైల్లో పొద్దున కూర్చుని తీసే కునుకు అందులో కొంత తీరుస్తుంది, కానీ కుదుపుల మధ్య తీసే నిద్ర అది. గాఢనిద్ర దాకా దిగనివ్వదు. ఆదివారం పన్నెండింటి దాకా పడుకుంటే కొంత బాకీ తీరినా గడియారం పక్కకి జరుగుతుంది, సోమవారం మూడున్నరకి లేవడం ఇంకా కష్టమవుతుంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. అప్పున్న నిద్ర కుర్చీనీ ఎంచదు, మేనేజర్నీ ఎంచదు.

అప్పుతో ఆఫీసుకి వచ్చినవాళ్లకి పనికొచ్చే ప్రయోగం ఒకటి ఆస్ట్రేలియాలోనే జరిగింది. 2006లో బ్రూక్స్, లాక్ అనేవాళ్లు రాత్రి ఐదు గంటలే పడుకున్న యువతీయువకుల్ని మధ్యాహ్నం మూడింటికి ఒక్కో రోజు ఒక్కోలా నిద్రపుచ్చారు. ఒకరోజు ఐదు నిమిషాలు, ఒకరోజు పది, ఒకరోజు ఇరవై, ఒకరోజు ముప్పై. ఐదుతో పెద్దగా ఒరిగిందేమీ లేదు. ముప్పై నిమిషాలు పడుకున్నవాళ్లు లేచాక కాసేపు మొద్దుబారిపోయారు, తేరుకోవడానికి టైము పట్టింది. పది నిమిషాల కునుకు తీసినవాళ్లు మాత్రం లేస్తూనే చురుకయ్యారు, ఆ చురుకు రెండున్నర గంటల దాకా నిలిచింది. నిద్రలోతుల్లోకి దిగకముందే లేవడమే కిటుకు. ఫోన్లో పదిహేను నిమిషాలకి అలారం పెట్టుకుంటే సరిపోతుంది, నిద్ర పట్టడానికి ఐదు, పట్టాక పది.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన ప్రయోగం దీనికంటే పేరున్నది. పసిఫిక్ సముద్రం మీదుగా ఎగిరే విమాన సిబ్బందికి కాక్‌పిట్‌లోనే వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూశారు. సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. పనితీరు 34 శాతం, అప్రమత్తత 54 శాతం మెరుగైందని 1994లో ప్రకటించారు. ఆ అంకెలు తిరిగి తిరిగి 2022 మేలో బెంగళూరు చేరాయి. వేక్‌ఫిట్ అనే కంపెనీ తన ఉద్యోగులకి మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర దాకా నిద్రపోయే హక్కు ఉందని అధికారికంగా చెప్పింది. వేక్‌ఫిట్ పరుపులు అమ్ముతుంది. పరుపుల వ్యాపారి నిద్ర గొప్పదనం చెబితే కాస్త నవ్వొస్తుంది, కానీ ఆ అరగంటలో తప్పేమీ లేదు.

అదే కర్ణాటకలో కునుకు కోర్టుకి కూడా ఎక్కింది. కొప్పళ జిల్లా కుష్టగిలో కల్యాణ కర్ణాటక ఆర్టీసీ డిపోలో పనిచేసే ఒక కానిస్టేబుల్ డ్యూటీలో కాసేపు నిద్రపోతుంటే ఎవరో వీడియో తీశారు. అది అందరి ఫోన్లలోనూ తిరిగింది. 2024 జులైలో సంస్థ సస్పెండ్ చేసింది. ఆయన హైకోర్టుకి వెళ్లాడు. సిబ్బంది చాలక ఆయన చేత అరవై రోజులపాటు రోజుకి పదహారు గంటలు, విరామం లేకుండా డబుల్ డ్యూటీ చేయించారని అక్కడ తేలింది. 2025 ఫిబ్రవరిలో జస్టిస్ ఎం. నాగప్రసన్న ఆ సస్పెన్షన్‌ని కొట్టేశారు. చట్టం చెప్పినదానికి మించి పని చేయిస్తే ఒళ్లే మనిషిని నిద్రపుచ్చుతుందని, తప్పు నిద్రపోయినవాడిది కాదని, పని గంటలు పెంచినవాళ్లదని తీర్పు సారాంశం. ఆ కాలపు జీతంతో సహా అన్నీ ఇవ్వాలన్నారు. ప్రశాంతమైన నిద్ర జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2012లోనే రామ్‌లీలా మైదానం కేసులో చెప్పి ఉంది.

హైకోర్టు తీర్పు వచ్చేనాటికి ఏడు నెలల కిందటే ఐటీ ఉద్యోగుల పని దినాన్ని పద్నాలుగు గంటల దాకా పెంచాలన్న ప్రతిపాదన కర్ణాటకలో చర్చకి వచ్చింది, ఉద్యోగ సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాయి. దానిపైన మారికుప్పం రైలు నాలుగైదు గంటలు కలిపి చూసుకుంటే నిద్రకి మిగిలే గంటలెన్నో ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

పగటినిద్ర మంచిది కాదని ఆయుర్వేదం చెప్పిందనే వాదన కూడా ఆఫీసుల్లో వినిపిస్తుంది. చరకుడు చెప్పిన మాట నిజమే, గ్రీష్మంలో తప్ప పగటినిద్ర కఫపిత్తాల్ని పెంచుతుందన్నాడు. కానీ మినహాయింపుల జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో ముసలివాళ్లు, పిల్లలు, బరువులు మోసినవాళ్లతోపాటు చదివి అలసినవాళ్లు, దూరం ప్రయాణించి అలసినవాళ్లు కూడా ఉన్నారు. రోజంతా తెర మీద అక్షరాలు చదివే, రోజుకి 170 కిలోమీటర్లు తిరిగే మనిషి రెండు పద్దుల కిందా అర్హుడే.

కునుకు దొరకని ఆఫీసుల్లో మిగిలేది కాఫీ. కెఫీన్ నిద్రని తీర్చదు, కనబడకుండా చేస్తుంది. మెదడులో అడినోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో తను పోయి కూర్చుంటుంది. అడినోసిన్ బయట వరండాలో నిలబడే ఉంటుంది, కెఫీన్ లేచిపోగానే గుంపుగా లోపలికి వస్తుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తాగినా రాత్రి నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో డ్రేక్ బృందం చూపింది. అంటే రాత్రి పదికి పడుకునేవాళ్లకి నాలుగింటికి అంత కెఫీన్ తాగితే అది రాత్రి ఖాతాలోంచి పోయినట్టే, రేపటి మధ్యాహ్నానికి కొత్త అప్పు. బెంగళూరు దర్శిని హోటళ్లలో బైటూ కాఫీ అనే మంచి అలవాటుంది, ఒక కప్పు ఇద్దరు పంచుకోవడం. డబ్బు ఆదా కోసమో స్నేహం కోసమో పుట్టినా, మధ్యాహ్నానికి అదే సరైన మోతాదు. రేనర్, హార్న్‌లే 1997లో ఇంకో ఉపాయం కనిపెట్టారు. ముందు కాఫీ తాగి, వెంటనే పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుంటే, లేచేసరికి కెఫీన్ పనిలోకి దిగుతుంది. రెండూ కలిస్తే, విడివిడిగా కంటే మత్తు బాగా వదిలింది.

కాఫీ టీల గురించి చెప్పేటప్పుడు ఆడవాళ్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, కర్ణాటకలో 48 శాతం దాకా. రక్తంలో ఇనుము తక్కువైతే మెట్లెక్కినా ఆయాసం, కూర్చున్నా బడలిక. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుముని ఒళ్లు సరిగ్గా పట్టుకోలేదు. అలసట పోవాలని తాగిన టీ అలసటనే పెంచుతుందన్నమాట. గంట ఆగి తాగితే చాలు. అన్నంలో సగం నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఇంకాస్త బాగా ఒంటబడుతుంది.

రాత్రి ఏడు గంటలు పడుకున్నా, తేలిగ్గా తిన్నా, గాలి తగిలినా మగత వారాల తరబడి వదలకపోతే రక్త పరీక్ష చేయించుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, బీ12 లోపం, నాలుగూ మామూలు ప్రయోగశాలల్లో తేలేవే. గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడేవాళ్లు మాత్రం రక్త పరీక్షతో సరిపెట్టుకోకూడదు. ఆ గురక సంగతి పడుకున్నవాళ్లకి తెలియదు, పక్కన పడుకున్నవాళ్లే డాక్టరుకి చెప్పాలి.

సాయంత్రం రైలు గురించి ఒక మాట మిగిలిపోయింది. పొద్దుటి బండిలో నిద్రపోవడం లాభమే. సాయంత్రం ఏడింటికి మాలూరు దగ్గర తీసిన ముప్పావుగంట నిద్ర అలాంటిది కాదు. రోజంతా పేరుకున్న నిద్ర ఒత్తిడిని అది ముందే తీసేస్తుంది. ఇంటికి పోయాక పదిన్నరకి మంచం ఎక్కితే కళ్లు మూతపడవు, ఫోను చేతికొస్తుంది, పన్నెండవుతుంది, మూడున్నరకి అలారం. అందుకే ఆ బండిలో నాలుగు మోకాళ్ల మధ్య తువ్వాలు పరిచి పేకాడే గుంపుని చూసి విసుక్కునేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోవాలి. కోరమాండల్ దాటినా వాళ్ల ముక్కల గోల తగ్గదు, పక్క సీటులో తల వాల్చబోయినవాళ్లకి కునుకు పట్టదు. మారికుప్పంలో అందరూ మెలకువగానే దిగుతారు.